ఎవరూ తిప్పని స్క్రూలు

మా ఊళ్ళో మగవాళ్ళ తలలన్నీ నా చేతి కింద నుంచి పోవాల్సిందే. ఒక్క వెండెల్ కాడిల్ తల మాత్రం ఇప్పుడు పక్క కౌంటీకి పోయి కత్తిరించుకొస్తోంది. నేనే పొమ్మన్నాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుంటే, మెడ మీద కత్తి పెట్టి నా చేతిని నేను నమ్ముకోలేనని మొహమ్మీదే చెప్పాను. నవ్వులాటకి అన్న మాట కాదు.

నా పేరు ఆర్విల్. కెంటకీ కొండల్లో స్లేట్ ఫోర్డ్ అనే ఈ ఊళ్ళో నా క్షౌరశాల పెట్టి చాలా ఏళ్ళయింది. నా షాపుకి ఆనుకునే ఓపల్ రాట్లిఫ్ లాండ్రీ ఉంది. నాణేలు వేస్తే తిరిగే మెషీన్లు, గోడ వెంబడి డ్రయ్యర్లు, మధ్యలో బట్టలు మడతపెట్టే పొడుగు బల్ల. మా రెండు షాపుల మధ్య గోడ ఎంత పలచనంటే, ఆవిడ తుమ్మితే ఇటు నా కుర్చీలో కూర్చున్నవాడు ఆశీర్వదిస్తాడు.

ఓపల్ మొగుడు క్లైడ్ బొగ్గు గనిలో పైకప్పు కూలి పోయాడు. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా లేవు. ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు. గని వాళ్ళిచ్చిన డబ్బుతో ఈ లాండ్రీ కొని ఎప్రన్ కట్టుకుని నిలబడింది. మళ్ళీ పెళ్ళి మాటెత్తిన వాళ్ళకి మురికి బట్టల బుట్ట చేతికిచ్చి పంపేది.

ఆవిడ రివాల్వర్ల పిచ్చి మొదలైంది కూడా ఆ లాండ్రీలోనే. ఎవరో ముసలాయన కోటు డ్రయ్యర్లో వేసి పోయాడు. లోపల ఒకటే దడదడ. ఆపి చూస్తే జేబులోంచి అరచేతిలో ఇమిడిపోయే చిన్న రివాల్వరు బయటపడింది. అదృష్టం కొద్దీ ఖాళీది. తూటాని కొట్టే సుత్తి వెనకాల కొక్కెంలా పొడుచుకొచ్చి ఉంటుందే, అది దానికి లేదు. సుత్తి లోపలే దాగి ఉంటుంది, వీపంతా నున్నటి నికెల్ పూత. జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకూడదని పాతకాలం వాళ్ళు అలా చేశారు. పిడి వెనక ఒక పలక ఉంటుంది. పిడికిలితో ఆ పలకని గట్టిగా పిండితేనే ట్రిగ్గర్ కదులుతుంది. అందుకని మావాళ్ళు దాన్ని నిమ్మపిండుడు అంటారు. పిల్లలు ఆడుకుంటూ నొక్కినా పేలదని, ఇంట్లో పెట్టుకోవచ్చని ఆ ఏర్పాటు.

కోటు కోసం ఎవరూ రాలేదు. ఓపల్ దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, తమ్ముడి పొగాకు కొట్టం వెనక్కి తీసుకెళ్ళి పేల్చింది. పేలింది. ఆ రోజునుంచి ఆవిడ కళ్ళు మారిపోయాయి. ఎవరింట్లో పాత సామాను అమ్ముతున్నా, ఏ తాకట్టు కొట్టు ముందు నుంచి పోతున్నా, సుత్తిలేని చిన్న రివాల్వర్ల కోసమే వెతికేది. పెద్ద తుపాకుల వంక కన్నెత్తి చూసేది కాదు. అవి మగాళ్ళు గోడకి తగిలించుకుని చూసుకు మురిసిపోయేవి, నాకెందుకు అనేది.

ఆవిడకి ఒక పద్ధతుంది. కొన్న ప్రతిదాన్నీ విప్పాలి, లోపల చూడాలి, పేల్చాలి. తర్వాత వంతులవారీగా ఒక్కోదాన్ని ఒక్కో వారం ఎప్రన్ జేబులో వేసుకు తిరగాలి. బట్టలు మడతపెట్టినా, బీన్స్ వండినా, ఆదివారం చర్చిలో పాడినా జేబులో ఒకటి ఉండాల్సిందే. సాయంత్రం షాపు మూసేటప్పుడు దాన్ని తెరిచి, దూదిపోగులు ఊదేసి, నూనె గుడ్డతో తుడిచేది. పేలనిది తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆవిడ లెక్క.

ఆ లెక్క మా ఊరి పాత తుపాకుల క్లబ్బు వాళ్ళకి గిట్టేది కాదు. ప్రతి నెలా మొదటి శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో చేరతారు. బిస్కెట్లనే మెత్తటి రొట్టెలూ గ్రేవీ తిని, బల్లల మీద ఫ్లానెల్ గుడ్డలు పరిచి, ఎవరి సొత్తు వాళ్ళు బయటపెడతారు. వాళ్ళకి దేవుడొక్కడే, దాని పేరు 'అసలుది'. నికెల్ అసలుదా, పిడి అసలుదా, స్ప్రింగు అసలుదా. ముందుగా వాళ్ళు చూసేది స్క్రూలు. స్క్రూ తల మీది గాడి అంచులు పదునుగా ఉంటే ఎవరూ లోపలికి పోలేదని అర్థం. కొంచెం చెదిరినా ఎవడో స్క్రూ డ్రైవరు పెట్టాడని పెదవి విరుస్తారు. పెళ్ళికూతుర్ని చూడబోయిన అత్తగార్లు కూడా అంత గుచ్చి గుచ్చి చూడరు.

క్లబ్బుకి పెద్ద వెండెల్. ట్రాక్టర్లు అమ్మి రిటైరయ్యాడు. చర్చి పెద్దల్లో ఒకడు, డీకను. ఎవరింట్లో చావు జరిగినా ముందుగా ఉడికించిన పందితొడ పట్టుకొచ్చేది ఆయన భార్యే. చెడ్డవాడని నేననడం లేదు. చెడ్డవాడైతే నాకింత ఒళ్ళు మండేది కాదు. ఆయనింట్లో అద్దాల బీరువా నిండా ముట్టుకోని రివాల్వర్లే. ఓపల్ ఎప్రన్ జేబు చూసినప్పుడల్లా ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఒకసారి నా ముందే అన్నాడు.

"వందేళ్ళ వస్తువమ్మా ఓపల్ అది. నీ జేబులో దూదిపోగుల మధ్య దొర్లడానికా చేశారు?"

"జేబులో దొర్లడానికే చేశారు వెండెల్. అద్దాల బీరువాలో పడుకోబెట్టేదయితే సుత్తి లోపల దాచడం దేనికి?"

హాల్లో కొందరు నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు. ఆవిడ మాట అక్కడ ఎప్పుడూ నవ్వుకే పనికొచ్చేది.

ఇక మిస్టీ సంగతి. ఓపల్ తమ్ముడి కూతురు. ఆ తమ్ముడు పోయాక ఈ పిల్లకి మేనత్తే దిక్కు. చేతులు చిన్నవి, గొంతు చిన్నది, లాండ్రీలో పని మాత్రం ఇద్దరిది చేసేది. డ్వేన్ అనేవాణ్ణి కట్టుకుంది. వాడు తాగినప్పుడూ కొట్టేవాడు, తాగనప్పుడూ కొట్టేవాడు. చెయ్యి విరిచాక బయటికొచ్చేసి విడాకులు తీసుకుంది. దగ్గరికి రాకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. ఆ కాగితం మీద వాడు బీరు సీసా పెట్టుకుని తాగుతున్నాడని నా కుర్చీలో కూర్చున్న వాళ్ళే చెప్పి నవ్వేవాళ్ళు. వాళ్ళకి సబ్బు నురగ కళ్ళలో పడేలా రాసి పంపాను.

ఓపల్ మేనకోడలికి ఆదివారాలు కొట్టం వెనక నేర్పించేది. ఎలా పట్టుకోవాలి, ఎలా పిండాలి, ఎప్పుడు జేబులోంచి తియ్యకూడదు. పిల్లకి చెయ్యి కుదురుతోంది. సరిగ్గా అప్పుడే పోయిన శీతాకాలం ఓపల్ మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేనే లెక్సింగ్టన్ ఆసుపత్రికి తీసుకెళ్ళి చేర్చాను. రివాల్వర్లు పెట్టుకునే బీరువా తాళంచెవి ఎప్పటిలాగే ఆవిడ మెడలో గొలుసుకే ఉండిపోయింది. ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వారమే డ్వేన్ ట్రక్కు లాండ్రీ ఎదురుగా ఆగడం మొదలైంది. వాడు దిగేవాడు కాదు, ఊరికే కూర్చుని చూసేవాడు. మిస్టీ అత్తకి చెప్పలేదు, ఆపరేషన్ అయిన మనిషిని కంగారు పెట్టకూడదని. నాకూ చెప్పలేదు. ఫైర్ స్టేషన్ బల్లగుడ్డలు ఉతకడానికి తెచ్చిన వెండెల్ మాత్రం ఆ పిల్ల కిటికీ వంక చూడ్డం గమనించాడు. ఏమిటని అడిగాడు. చెప్పింది. ఆయన మనసు కరిగింది. ఇంటికెళ్ళి బీరువాలోంచి అన్నిటికంటే గొప్ప రివాల్వరు తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ముత్యపుచిప్ప పిడి, చెక్కు చెదరని నికెల్, ఎవరూ తిప్పని స్క్రూలు. డబ్బు అడగలేదు, నీ దగ్గరుంచుకో అన్నాడు.

కొన్ని షరతులు మాత్రం పెట్టాడు. ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉంచాలి. తడిచేత్తో ముట్టుకోకూడదు. ముఖ్యంగా, సరదాకి కూడా పేల్చి చూడకూడదు, వాళ్ళ తాత కాలం నుంచీ పేలని వస్తువది, పేలిస్తే తూటాలుండే సిలిండరు చుట్టూ గీత పడుతుంది. మిస్టీ చెప్పినట్టే చేసింది. ఎవరేం చెప్పినా చెప్పినట్టు చేసే పిల్ల. తూటాలు నింపి, గుడ్డలో చుట్టి, ఎప్రన్ జేబులో వేసుకుంది. దాని లోపల ఏముందో ఆమెకి తెలియదు. వెండెల్‌కీ తెలియదు. తెలుసుకోవాలంటే స్క్రూ తిప్పాలి కదా. ప్రాణం నిలబెట్టమని ఒక మనిషి చేతిలో పెట్టే వస్తువు పనిచేస్తుందో లేదో చూడాలనే ఆలోచన ఆ పండిన తలలోకి రాలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండిపోతుంది.

మంగళవారం మధ్యాహ్నం. నేను ఒకాయనకి గడ్డం గీస్తున్నాను. గోడకి అటువైపు ముందు డ్వేన్ గొంతు, తర్వాత ఏదో పడ్డ చప్పుడు వినిపించాయి. మిస్టీ తర్వాత చెప్పింది. వాడు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడట. ఆమె బల్ల వెనక్కి జరిగి, గుడ్డ విప్పి, రెండు చేతులతో పట్టుకుని ట్రిగ్గర్ లాగిందట. ఏమీ కాలేదు. మళ్ళీ లాగింది. వాడు మొదట రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత నవ్వాడు. బొమ్మ తెచ్చుకున్నావా అని అడిగి, ఆమె చేతిలోంచి లాక్కుని, దానితోనే దవడ మీద కొట్టాడు.

నేను వెనక తలుపు తన్ని లోపలికి వెళ్ళేసరికి వాడు మళ్ళీ చెయ్యెత్తుతున్నాడు. నా చేతికి ఏం దొరికిందో అదే, ఇనప స్టూలు, వాడి వీపు మీద దింపాను. నా కుర్చీలోంచి వచ్చినాయన సగం గడ్డంతోనే వాడి కాళ్ళ మీద కూర్చున్నాడు. షెరీఫ్ మనుషులు వచ్చేదాకా మిస్టీ నేలమీద కూర్చుని, నోట్లోంచి రక్తం కారుతుంటే, తన కుడిచేతినే చూసుకుంటోంది.

దవడ రెండుచోట్ల విరిగింది. పళ్ళు తీగలతో కట్టేశారు. డ్వేన్ నేరం ఒప్పుకున్నాడు కాబట్టి విచారణ లేదు, కౌంటీ జైల్లో కొద్ది నెలలు మాత్రమే, ఈస్టర్ కాగానే బయటికొస్తాడని తేలింది. తూటాలు షెరీఫ్ ఆఫీసు వాళ్ళు తీసి పారేశారు. రివాల్వరు వెండెల్‌కి తిరిగిచ్చారు. ముత్యపుచిప్ప పిడి పగిలి ఉంది. మనిషి ఎముక మీద కొడితే పగలదా మరి.

ఆసుపత్రికి వెండెల్ పూలు తెచ్చాడు. మంచంమీదున్న మిస్టీకి వినపడేలాగే మెల్లగా నాతో అన్నాడు, వస్తువులో లోపమేం లేదు ఆర్విల్, పిల్ల సరిగ్గా పిండలేదు, అంతే, చేతులు చిన్నవి పాపం. ఓదార్పుగానే అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. ఫలహారశాలలో, చర్చి మెట్ల మీద, నా కుర్చీలో, అందరిదీ ఒకటే పాట. మిస్టీ పిండలేదట, భయపడిపోయిందట, ఆడపిల్ల కదా.

ఓపల్ కర్ర పట్టుకుని ఇంటికొచ్చేసరికి మిస్టీ కూడా ఆ మాట నమ్మేసింది. పిండకపోతే ట్రిగ్గర్ అసలు కదలదే, నీకు చప్పుడు వినపడిందా అని ఓపల్ అడిగింది. వినపడిందనే అనుకున్నానత్తా, డ్రయ్యర్ల చప్పుడే అయ్యుంటుందని వెండెల్ గారంటున్నారు, ఏమో నాకు తెలీదు అంది. ఓపల్ తన బీరువాలోంచి మంచివి తీసి ఇస్తే ముట్టుకోలేదు. నా చేతిలో ఏదున్నా ఒకటే అంది. పక్కన మెషీన్లు ఖాళీగా ఉండగా, సింకు దగ్గర నిలబడి తడి తువ్వాళ్ళు చేత్తో పిండడం మొదలుపెట్టింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా అదే పని. అరచేతులు ఒలిసిపోయాయి. చెయ్యి గట్టిపడాలట. గోడకి ఇటువైపు నాకు ఆ నీళ్ళు కారే చప్పుడు వినపడుతుంటే ఎవరినైనా చంపాలనిపించేది.

ఓపల్ ముందు మర్యాదగానే వెళ్ళింది. వెండెల్ ఇంటికెళ్ళి ఒక్కసారి పేల్చి చూద్దామంది. ఆయన ఒప్పుకోలేదు. పోనీ విప్పి చూద్దామంది. ఆయన బాధపడ్డాడు. ఇప్పటికే పిడి పోయింది, స్క్రూలు కూడా పోగొట్టమంటావా, అవొక్కటే దానికి మిగిలిన మర్యాద అన్నాడు. ఆవిడ బయటికొచ్చి నా కారెక్కి తలుపు వేసిన తీరుకి అద్దం బీటలిచ్చింది.

ఈస్టర్ ముందు శనివారం క్లబ్బు చేరింది. ఓపల్ కర్రతో, వెనక మిస్టీ, పక్కన నేను. మేం వెళ్ళేసరికి వెండెల్ రివాల్వరు బల్ల మీద పెట్టాడు. మగాళ్ళంతా చుట్టూ చేరి పగిలిన పిడిని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూస్తున్నారు. టోపీలు తీసినవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి చిప్ప ఇప్పుడెక్కడ దొరుకుతుందని ఒకడు నిట్టూర్చాడు. కట్టేసిన దవడతో గుమ్మంలో నిలబడ్డ పిల్లని చూసి తలలూపారు, అంతే, మళ్ళీ పిడి వైపు తిరిగారు.

ఓపల్ సంచిలోంచి ఒక పెట్టె తీసి వెండెల్ ముందు పెట్టింది. మూత తీసింది. నల్లటి మెరుపుతో, కార్ఖానా నుంచి వచ్చిన అసలు పెట్టెలోనే ఉన్న సుత్తిలేని రివాల్వరు. ఓపల్ దగ్గరున్న వాటిలో దీన్నొక్కదాన్నే ఆవిడ అత్తగారు చనిపోయేముందు ఇచ్చింది. వెండెల్ ఏళ్ళ తరబడి అడిగినా ఇవ్వలేదు. పిడి చుట్టూ చేరినవాళ్ళంతా ఇటు తిరిగారు.

"మార్పిడి. నాది నీకు, పగిలింది నాకు. చెయ్యి కలుపుతావా?"

మా దగ్గర బేరమంటే చెయ్యి కలపడమే. కాగితం ఉండదు, వెనక్కి తీసుకోవడం ఉండదు. చెయ్యి కలిపి మాట మార్చినవాడి బల్ల దగ్గరికి ఆ తర్వాత ఎవరూ పోరు. వెండెల్ ఒకసారి పెట్టెలోకి, ఒకసారి ఓపల్ మొహంలోకి చూశాడు. నీకేమైనా మతి పోయిందా అనలేదు. గబుక్కున చెయ్యి చాచాడు. చెయ్యి కలపగానే పెట్టె తనవైపు లాక్కుని మూత వేసేశాడు.

ఓపల్ ఎప్రన్ జేబులోంచి స్క్రూ డ్రైవరు తీసింది. ఏం చెయ్యబోతోందో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఆగమన్నారు, నూనె వెయ్యమన్నారు, వేడి చెయ్యమన్నారు. ఆవిడ వినలేదు. లోపలి భాగాల్ని మూసి ఉంచే పక్క పలక స్క్రూ మీద పెట్టి మొత్తం ఒంటి బరువు మోపి తిప్పింది. స్క్రూ కదల్లేదు. స్క్రూ డ్రైవరు జారి, ఆ అద్దంలాంటి నికెల్ మీద పొడుగ్గా గీత పడింది.

హాలంతా మూలిగింది. అబద్ధం కాదు, అంతమంది పెద్దమనుషులు ఒక్క గొంతుతో అయ్యో అన్నారు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. మిస్టీ దవడ విరిగిందని విన్నరోజు ఈ గొంతుల్లో ఒక్కటీ ఇలా మూలగలేదు. నేనా రోజుల్లో ఈ మొహాలన్నీ దగ్గర్నుంచి చూశాను, ఒక్కొక్కరికీ గడ్డం గీస్తూ. సరిగ్గా పిండలేదటగా అన్నారు తప్ప, పాపం అన్నది కూడా సగం మందే.

ఓపల్ మళ్ళీ పెట్టింది. ఈసారి స్క్రూ కిర్రుమని తిరిగింది. పలక ఊడింది. లోపల ఎప్పటిదో గ్రీజు ఎండి, గోధుమరంగు బంకలా గట్టిపడి, ప్రతి సందులోనూ కూరుకుపోయి ఉంది. ఓపల్ గోరుతో గీకి, సుత్తిని తోసే స్ప్రింగు బయటికి తీసి, అరచేతిలో పెట్టి మిస్టీ వైపు చాపింది.

"చూడు. ట్రిగ్గర్ కదిలింది, సుత్తి పడింది. తూటాని కొట్టే బలం దీనికే లేదు."

మిస్టీ ముందుకొచ్చింది. మగాళ్ళు దారిచ్చారు. ఒలిసిపోయిన వేళ్ళతో స్ప్రింగు తీసుకుంది. నడుం దగ్గర వెంట్రుకంత బీట ఉంది, బీట లోపల తుప్పు. అంటే ఎప్పుడో, ఆమె పుట్టక ముందే విరిగింది. రెండు వేళ్ళ మధ్య పెట్టి కొంచెం నొక్కింది. పుటుక్కున రెండు ముక్కలైంది.

ఆ ముక్కల్ని బల్ల మీద పక్కపక్కన పెట్టింది. తర్వాత కట్టేసిన పళ్ళ మధ్య నుంచి, ఎవరి వంకా చూడకుండా అంది.

"నేను గట్టిగానే పిండానత్తా."

"పిండావే తల్లీ" అంది ఓపల్.

వెండెల్ వంగి, నికెల్ మీద పడ్డ గీతని బొటనవేలితో రాస్తున్నాడు, పోతుందేమోనని.